తువ్వాలు కింద వేళ్లు

మా రోజుల్లో రైతును ముంచేవాడెవడో రైతుకు తెలిసేది. వాడి అంగడి ఏ బజార్లో ఉందో, వాడు కూతుర్ని ఏ ఊరికిచ్చాడో కూడా తెలిసేది. ఆదోని పత్తి మార్కెట్లో రేటు పడిందంటే దలాలీ అంగడి మెట్ల మీద నిలబడి నాలుగు మాటలనేసి, పైపంచె దులుపుకొని, ఆ దలాలీ తెప్పించిన టీయే తాగి పోయేవాళ్లు. రేటు పెరిగేది కాదులే. కానీ తిట్టు ఎవరికి తగలాలో వాడికే తగిలేది. ఇప్పుడు మా మనవడు ఫోన్ ముందు పెట్టి, "తాతా, రాత్రి న్యూయార్కులో పత్తి పౌనుకు రెండు సెంట్లు పడింది, ఈ పొద్దు యార్డులో రేటుండదు" అంటాడు. కౌతాళం నుంచి బండి బాడుగకు మాట్లాడుకొని పత్తి తెచ్చిన రైతు ఎవరి మెట్ల మీద నిలబడాలి?

బయటి దేశం మన పత్తి ధర తేల్చడం ఇప్పుడు మొదలైంది కాదు. 1861లో అమెరికాలో ఉత్తరాదివాళ్లూ దక్షిణాదివాళ్లూ యుద్ధానికి దిగితే, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక, మన బళ్లారి సీమ పత్తికి రెక్కలొచ్చాయి. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలోదే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు గదా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చింది. 1865లో యుద్ధం ముగిసింది, రెక్కలు తెగాయి. యుద్ధం మొదలుపెట్టేటప్పుడు మనల్ని అడగలేదు, ఆపేటప్పుడూ అడగలేదు. మా వయసు వాళ్లకు బొంబాయి. పొద్దున బొంబాయి నుంచి తంతి వచ్చేదాకా బజారు కదిలేది కాదు. గుంతకల్లు, రాయచూరు మీదుగా బొంబాయికి పోయే రైలు మా ఊరి మీదనే పోతుంది గనక, జిన్నింగు మిల్లుల పొగగొట్టాలు చూసి ఆదోనిని రెండో బొంబాయి అని మేమే పొగుడుకునేవాళ్లం. మొదటి బొంబాయి మమ్మల్ని ఎప్పుడైనా ఆ మాట అడిగిందో లేదో!

నా సణుగుడు దూరాన్ని గురించి అనుకునేరు. దూరం సంగతి కాదు, బేరంలో కూర్చునే మనుషుల సంగతి.

సంక్రాంతి రోజుల్లో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర. రథం, తేరు బజారు, మిఠాయి అంగళ్లు సరే, నేను పోయేది ఎడ్ల పరస కోసం. అక్కడ ఎడ్ల బేరం నోటితో జరగదు. ఇద్దరు దళారులు ఎదురెదురుగా నిలబడతారు. ఒకడు భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా కప్పుతాడు. ఆ గుడ్డ కింద ఒకడి వేళ్లు ఇంకొకడు పట్టుకుంటాడు. ఇన్ని వేళ్లు పడితే ఇంత, వేలు సగానికి పడితే సగం. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుతుంటారు. ఎడ్లు అమ్మే రైతు పక్కనే పలుపు పట్టుకొని, తువ్వాలు ఎటు కదిలితే అటు చూస్తుంటాడు. బేరం తెగినాక దళారి వచ్చి చెవిలో ఒక అంకె చెబుతాడు. అది గుడ్డ కింద పలికిన అంకేనా అంటే, తువ్వాలుకు తెలియాలి. పత్తి బజార్లలోనూ దేశమంతా ఇదే పద్ధతి ఒకప్పుడు. దాన్ని మాన్పించడానికే చట్టాలు చేసి, యార్డులు కట్టి, వేలంపాటలు, టెండర్లు పెట్టారు. ఇప్పుడైతే టెండరు కంప్యూటర్లో వేస్తున్నారు. మంచిదే.

మా ఊళ్లో ఎత్తేసిన ఆ తువ్వాలు జెనీవాలో పరిచి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అక్కడుండే ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 జనవరి 1న పుట్టింది. ఇప్పుడు 166 మంది సభ్యులు. కాగితం మీద అందరూ సమానమే. ఓటింగు పెట్టరు, అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం. బెనిన్‌కూ అమెరికాకూ ఒకే మాట విలువ. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ అసలు బేరం గ్రీన్ రూమ్ అనే గదిలో జరుగుతుంది. ఆ గదిలోకి పిలుపు ఏ ఇరవై ముప్పై దేశాలకో వస్తుంది, తక్కినవాళ్లు వరండాలో పలుపులు పట్టుకొని నిలబడాలి. 1999లో సియాటిల్ మహాసభలో ఆఫ్రికా, కరీబియన్ దేశాల ప్రతినిధులు "మమ్మల్ని బయట నిలబెట్టి లోపల తేల్చుకుంటున్నారు, మేం ఒప్పుకోం" అని తిరగబడ్డారు. ఆ మహాసభ ఏ తీర్మానమూ లేకుండా చెదిరింది. మా యార్డులో హమాలీలు కాటా ఆపిన రోజులు గుర్తొచ్చి నాకు వాళ్ల మీద అభిమానం కలిగింది.

ఇక పత్తి కథ. ఇది ఆదోనివాళ్లు తెలుసుకోవాల్సిన కథ, ఎందుకంటే ఆఫ్రికాలోని నాలుగు దేశాల చేలూ మన చేలూ ఒకే ధర కింద నలిగాయి. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి. నాలుగూ నిరుపేద దేశాలే. ఈ శతాబ్దం మొదట్లో వాళ్ల ఎగుమతులకు పత్తి పెద్ద ఆధారం, ఆ ప్రాంతంలో కోటిమందికి పైగా దాని మీదే బతుకుతారు. చేను రెండు మూడు హెక్టార్లు, వానాధారం, చేత్తో ఏరడం. కోసిగి రైతును అక్కడికి తీసుకుపోయి దింపితే భాష తప్ప అన్నీ తెలిసినట్టే ఉంటాయి. 2001 చివర్లో ప్రపంచ బజార్లో పత్తి ధర పౌనుకు 40 సెంట్ల లోపుకు పడింది. ఆ కాలంలోనే అమెరికా తన పత్తి రైతులకు ఏడాదికి మూడు వందల కోట్ల డాలర్లకు పైగా సాయం చేసింది. ఆ రైతులెంతమంది? పాతికవేల మంది. బుర్కినా ఫాసో దేశం మొత్తం ఒక ఏడాదిలో సంపాదించేదాని కంటే ఆ సాయం ఎక్కువ. సాయం అందే రైతుకు ధర పడినా బాధ లేదు, ఇంకా వేస్తాడు. వాడి సరుకు బజార్లో పడుతుంది, ధర ఇంకా పడుతుంది. ఆ ఏళ్లలో మన పత్తి రైతుల చావుల వార్తలు పేపర్లో చదివినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. అప్పట్లో మేమందరం తెగులును తిట్టాం, నకిలీ విత్తనాలను తిట్టాం, పురుగు మందుల అంగళ్లను తిట్టాం. వాటి పాపం వాటికుంది. కానీ ఆ లెక్కలో ఒక పద్దు సముద్రం అవతల ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ నాలుగు దేశాలవాళ్లకు తోచింది. 2003 జూన్ 10న బుర్కినా ఫాసో అధ్యక్షుడు బ్లేజ్ కంపోరే స్వయంగా జెనీవా పోయి, నాలుగు దేశాల తరఫున నిలబడి, పత్తి సాయాలు ఎత్తేయండి, ఎత్తేసేదాకా మాకు జరిగిన నష్టం కట్టివ్వండి అని అడిగాడు. (ఆయన గద్దెనెక్కిన తీరు వేరే కథ. అది చెప్పుకుంటే ఈ పొగడ్త మింగుడు పడదు.) అంత చిన్న దేశాలు అంత పెద్ద గదిలో, దానం అడక్కుండా, లెక్క అడగడం అదే మొదలేమో అనిపిస్తుంది నాకు. ఆ సెప్టెంబర్లో మెక్సికోలోని కాన్‌కూన్‌లో మహాసభ. పత్తి మీద వాళ్లకు చూపించిన ముసాయిదాలో ఏముందనుకున్నారు? సాయాల కోత ఊసు లేదు. పత్తి మీదే ఆధారపడిన ఆ దేశాలు వేరే దారులు చూసుకోవడానికి తోడ్పడతాం అని రాశారు.

ఇది చదివినప్పుడు నేను గట్టిగానే నవ్వాను. వాన పడనప్పుడల్లా మా వైపు జీపులో దిగి, చెట్టు కింద కుర్చీ వేయించుకొని, ప్రత్యామ్నాయ పంటలు వేసుకోండి అని చెప్పి పోయే మాటే గదా ఇది! జీపు బదులు విమానం, చెట్టు బదులు సముద్రపు ఒడ్డున హోటలు. ఆ మహాసభా చెదిరిపోయింది. 2005లో హాంకాంగ్‌లో, పత్తి సాయాలను మిగతా పంటల కంటే ఎక్కువగా, వేగంగా తగ్గించాలన్నారు. 2015లో నైరోబీలో ఎగుమతి సాయాల మీద తీర్మానం అయింది. చేలో ఇచ్చే అసలు సాయం అలాగే నడుస్తోంది, పేర్లు మారుస్తూ.

ఇందులోనే ఇంకో ముక్క ఉంది. బ్రెజిల్ కూడా పత్తి దేశమే, కానీ బలిసిన దేశం. అది 2002లో అమెరికా మీద వాణిజ్య సంస్థలో దావా వేసింది, 2005లో గెలిచింది. బెనిన్, చాద్ కూడా ఆ దావాలో మూడో పక్షంగా చేరి సాక్ష్యం చెప్పాయి. ఓడినా అమెరికా సాయం ఆపలేదు. అయితే మీ సరుకుల మీద ఎదురు సుంకం వేస్తాం అని బ్రెజిల్ కన్నెర్ర చేసేసరికి దారికొచ్చింది. ఎట్లా? సాయం ఆపలేదు, బ్రెజిల్ పత్తి రైతులకు కూడా డబ్బు కట్టింది! 2010 నుంచి ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు, చివరికి 2014లో 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ. సాక్ష్యం చెప్పిన బెనిన్, చాద్‌లకు పైసా లేదు. వాళ్లు ఏ సరుకు మీద ఎదురు సుంకం వేస్తే అమెరికాకు దిగులు పుడుతుంది? మా రోజుల్లో పంచాయితీలో గెలిచిన పక్షానికి పెద్దమనుషులు కనీసం ఒక కొబ్బరికాయ ఇప్పించేవాళ్లు.

బేరం సంగతి అదీ, మరి దేశాలు తీసుకునే అప్పు సంగతి? దీనికి ఆదోని వదిలి ఎమ్మిగనూరు పోవాలి, పాతిక ముప్పై కిలోమీటర్లే.

1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టాడు. నూలు అప్పిచ్చి నేసిన గుడ్డ అడిగినంతకు లాక్కునే షావుకార్ల నడుమ, మగ్గం ఉన్న ప్రతివాణ్నీ సభ్యుణ్ని చేసి, నూలు కొనడం, గుడ్డ అమ్మడం సంఘం చేతికి తెచ్చాడు. ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది, కానీ అంతకు ముందే ఎమ్మిగనూరు దుప్పటి, లుంగీ ఆయనకు పేరు తెచ్చాయి. ఆ సంఘం సర్వసభ్య సమావేశాలు చూసినవాళ్లు చెప్పేవాళ్లు, వినాలి! ఒక మగ్గం ఉన్నవాడు పది మగ్గాలవాడి మీద గొంతు చించుకొని అరిచేవాడట. అరిచే హక్కు ఎక్కడిది? సహకార చట్టంలో తలకో ఓటు. వాటా ధనం ఎంత పెట్టినా ఓటు ఒకటే.

సరిగ్గా ఆరేళ్లకు, 1944 జులైలో, అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో 44 దేశాల పెద్దలు చేరి అంతర్జాతీయ ద్రవ్యనిధిని, ప్రపంచ బ్యాంకును పుట్టించారు. అదీ పేరుకు సంఘమే. అందరూ వాటా కట్టాలి, అవసరమొస్తే అప్పు తీసుకోవాలి. కానీ ఓటు తలకు కాదు, వాటాకు. మొదట్లో సిగ్గుపడి తలకు కొన్ని ఓట్లు పెట్టారు, దేశం పెద్దదైనా చిన్నదైనా సమానంగా 250. అన్నీ కలిపితే మొత్తం ఓట్లలో నూటికి 11 పైచిలుకు. వాటాలు పెంచుకుంటూ పోయారు గానీ ఈ తల ఓట్లు పెంచలేదు. అరవై ఏళ్లు తిరిగేసరికి అవి నూటికి రెండుకు కరిగాయి. 2008లో లెక్క సవరించి ఐదున్నరకు తెచ్చి, పేదవాళ్ల గొంతు పెంచామని చాటింపు వేశారు. ఇవాళ అమెరికా ఓటు పదహారున్నర శాతం. పెద్ద నిర్ణయం ఏదైనా కావాలంటే 85 శాతం రావాలి. అంటే అమెరికా చెయ్యెత్తకపోతే ఏదీ కదలదు. నే చెప్పిన ఆ నాలుగు పత్తి దేశాలూ కలిపితే నూటికి పావు ఓటు కూడా లేదు. ప్రపంచ బ్యాంకు పెద్ద అమెరికావాడు, ద్రవ్యనిధి పెద్ద ఐరోపావాడు అనేది ఎక్కడా రాసిపెట్టిన చట్టం కాదు, అయినా ఇప్పటిదాకా తప్పలేదు.

ఓటేముందిలే, ఉత్త గౌరవం కోసం గదా అనుకుంటారేమో. డబ్బు పంచినా ఆ వాటాల ప్రకారమే పంచుతారు. కరోనాకు లోకమంతా మంచాన పడ్డప్పుడు, 2021 ఆగస్టులో ద్రవ్యనిధి 65 వేల కోట్ల డాలర్ల విలువైన నిధిని సభ్యదేశాలకు జమ చేసింది. ఆఫ్రికా ఖండం మొత్తానికి వచ్చింది సుమారు 3,300 కోట్లు. ఒక్క అమెరికాకు 11 వేల కోట్లకు పైనే. అవసరం ఎవరికో అడిగి పంచిన పంపకం అయితే కాదు. ఎమ్మిగనూరు సంఘం కరువు సంవత్సరంలో ఎక్కువ మగ్గాలున్న ఇంటికే ఎక్కువ జొన్నలు కొలిచి ఉంటే ఆ సమావేశంలో కుర్చీలు మిగిలేవా?

మనవాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోకపోలేదు. కడప జిల్లా రాజంపేట వైపు మనిషి యాగా వేణుగోపాల్ రెడ్డి, రిజర్వు బ్యాంకు గవర్నరు కాకముందు ద్రవ్యనిధి బోర్డులో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్ నాలుగింటి తరఫున కూర్చున్నాడు. తర్వాత 2009లో ఈ వ్యవస్థను ఎట్లా సరిచేయాలో చెప్పమని ఐక్యరాజ్య సమితి ఆర్థికవేత్త స్టిగ్లిట్జ్ అధ్యక్షతన వేసిన సంఘంలోనూ ఉన్నాడు. నాలుగు దేశాలకు ఒక కుర్చీ అంటే ఫరవాలేదు. సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో నలభై పైచిలుకు దేశాలకు చాలా ఏళ్లు రెండే కుర్చీలు. ఒకే మనిషి ఇరవై ఇళ్ల వకాల్తా పట్టుకొని కోర్టులో నిలబడితే ఏ ఇంటి మాట చెబుతాడు? 2024 నవంబర్లో మూడో కుర్చీ వేశారు. బోర్డు 24 నుంచి 25 అయింది. పేపర్లో ఫొటోలు వచ్చాయి. ఓట్ల శాతం మాత్రం ఎక్కడిదక్కడే, ఎందుకంటే 2023 చివర్లో వాటాలు సగం చొప్పున పెంచాలని తీర్మానించినప్పుడు అందరికీ ఒకే నిష్పత్తిలో అన్నారు. కుర్చీ పెరిగింది, తూకం పెరగలేదు.

"నువ్వు అన్నీ తప్పులే పడతావు తాతా" అంటాడు మనవడు. "2023లో ఢిల్లీలో ఆఫ్రికా సమాఖ్యను జీ-20లో చేర్చింది మనమే గదా. వాణిజ్య సంస్థకు ఇప్పుడు పెద్ద నైజీరియా ఆవిడే గదా."

అవున్రా, రెండూ నిజమే, రెండూ మంచివే. సెప్టెంబర్ 9న 55 దేశాల సమాఖ్యకు చోటు దొరికినప్పుడు నాకూ సంతోషమైంది. ఎంగోజీ ఒకోంజో ఇవేలా 2021లో ఆ పదవికొచ్చిన మొదటి ఆఫ్రికా మనిషి, మొదటి ఆడమనిషి. కానీ ఆవిడ వచ్చేసరికే అక్కడి అప్పీలు కోర్టుకు తాళం పడి ఉంది. జడ్జీలను వేయనివ్వకుండా అమెరికా అడ్డం కూర్చుంటే 2019 డిసెంబర్ నుంచి అది పనిచేయడం లేదు. బ్రెజిల్ మాదిరి దావా ఇవాళ బెనిన్ వేసి గెలిచినా, ఓడినవాడు అప్పీలుకు పోయాననేస్తే చాలు, కాగితం అక్కడే పడి ఉంటుంది. కొత్త సర్పంచికి పంచాయితీ ఆఫీసు తాళంచెవి ఇవ్వకపోతే ఆమె ఏం చేస్తుంది చెప్పు.

పోనీ మన ఇంట్లో ఎట్లుందో చూద్దామన్నా నాకు సణుగుడు ఆగదు. చేనేతవాళ్ల మాట ఢిల్లీలో చెప్పడానికి 1992లో అఖిల భారత చేనేత బోర్డు వేశారు. 2020 జులైలో, చేనేత దినోత్సవానికి కొద్ది రోజుల ముందు, దాన్ని రద్దు చేశారు. మా పడమటి కర్నూలు సంగతి ఇంకా చెప్పాలా? కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ఊళ్లలో ఇళ్లకు తాళాలేసి, పిల్లల్నీ కోళ్లనూ కూడా వెంటబెట్టుకొని గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. వాళ్లు లేని నెలల్లోనే గ్రామసభలు జరిగి, వాళ్ల పేర్న తీర్మానాలు అవుతాయి. మద్దతు ధర ఉందిగా అంటారు. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు. ఆ ధరకు అమ్మాలంటే ఫోన్లో కపాస్ కిసాన్ యాప్‌లో ముందే పేరు రాయించి రోజు తీసుకోవాలి, తేమ పన్నెండు శాతం దాటకూడదు. మంచు పడే పొద్దున ఏరిన పత్తికి పన్నెండు ఎక్కడొస్తుంది? యాప్ లేనివాడు, తేమ తగ్గేదాకా ఆగలేనివాడు, సుగ్గికి పోయే తొందరలో ఉన్నవాడు ముగ్గురూ ప్రైవేటు మనిషికే పోస్తారు. అందరికంటే తక్కువకు అమ్మేది అందరికంటే పేదవాడే.

ఇంకొకటి. ఆఫ్రికావాళ్ల కంటికి మనం పేదవాళ్లం కాదు. ప్రపంచంలో పత్తి ఎక్కువ పండే దేశాల్లో ముందు వరసలో ఉన్నాం, మనమూ సాయాలిస్తాం, 2012 మార్చిలో ఒక్క ఉత్తర్వుతో పత్తి ఎగుమతులు ఆపేసి బజారును కుదిపాం. మేం పేదల పక్షం అని జెనీవాలో మనం లేచినప్పుడల్లా మాలి ప్రతినిధి ఏమనుకుంటాడో నాకు చూడాలని ఉంటుంది.

2025 ఆగస్టు చూడండి. అమెరికా మన సరుకుల మీద యాభై శాతం సుంకం వేసింది. మిల్లులు ఇబ్బంది పడతాయని ఢిల్లీ, పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మా యార్డులో కొత్త పత్తి దిగేది సరిగ్గా ఆ నెలల్లోనే. విత్తిన తర్వాత, ఏరక ముందు మార్చారన్నమాట. కౌతాళం రైతును అడగలేదని వేరే చెప్పాలా? మాలి రైతునూ అడగలేదు. 2008లో ఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా సదస్సులో నిరుపేద దేశాల సరుకులకు మనం సుంకం రాయితీ ప్రకటించాం, అందులో పత్తి పేరు ఉంది. అంటే అమెరికా, బ్రెజిల్ పత్తికి 11 శాతం పడుతుంటే మాలి పత్తి దాటుకొని వచ్చేది, అదే దాని లాభం. అందరికీ సున్నా చేసేసరికి ఆ నాలుగు నెలలు ఆ రాయితీకి విలువ లేకుండా పోయింది. లాభం ఎవరికో మా మనవడే ఫోన్లో లెక్క వేసి చెప్పాడు: పాతికవేల మంది రైతులకు సాయమిచ్చిన ఆ దేశానికే, ఇంకా 30 కోట్ల డాలర్లు పుచ్చుకున్న ఆ దేశానికే.